మూడు తర్వాత మోగే సైరన్ మా పామర్రుది

మా చిన్నప్పుడు... ఆగండి, ముందు మీరు నాకొక జవాబు చెప్పండి. ఆ రాకెట్ పాటకి మీ పిల్లలు గంతులేస్తున్నారు కదా, మీరు వీడియోలు తీసి పెడుతున్నారు కదా... అందులో పది, తొమ్మిది అని లెక్కపెడుతూ వచ్చి మూడు దగ్గర ఆగుతారు. పెద్ద సైరన్ మోగుతుంది. తర్వాత రెండు, ఒకటి. ఆ సైరన్ ఎక్కడిదో మీలో ఒక్కరికైనా తెలుసా?

నాకు తెలుసు. అది మా పామర్రు రైసుమిల్లు పన్నెండు గంటల కూత.

ఆ పాట మా సువార్తక్కది. రాసిందీ, బాణీ కట్టిందీ, మొదట పాడిందీ తనే. అప్పుడు అక్కకి పంతొమ్మిది, నాకు తొమ్మిది. పక్కింటి టీవీలో రాకెట్ ఎగరడం చూసొచ్చి, వడ్లు ఎండబోస్తూ రెండు రోజుల్లో కట్టేసింది. చుక్కల ఊళ్ళో వరి నాటొచ్చా, చందమామ మీద కాలవ తవ్వొచ్చా అని అడిగే పాట...

రికార్డు చేసింది చర్చి పక్కగదిలో. టేపురికార్డరు చర్చిది. కొత్త క్యాసెట్టు కొనే మాటే లేదు... ఉపవాస కూడిక ప్రసంగం క్యాసెట్టు ఒకటి దొరికింది. క్యాసెట్టు పైనున్న చిల్లుల్లో కాగితం ముక్క కుక్కితే మళ్ళీ రికార్డవుతుందని మీకూ గుర్తుండే ఉంటుంది. అలా ప్రసంగం మీద పాట ఎక్కించాం. దేవుడు మమ్మల్ని క్షమించాడనే నా నమ్మకం.

నా పని రెండు మీటలు కలిపి నొక్కడం.

"మధ్యలో ఆపావంటే చంపేస్తానే చిట్టీ... టక్కుమని చప్పుడు పడుద్ది" అంది అక్క.

పాట చివర లెక్క మొదలైంది. ఐదు... నాలుగు... మూడు అనేసరికి మిల్లు కూత అందుకుంది! మీట తీయకూడదు కదా. అక్క చెయ్యి పైకెత్తి, మూడు వేళ్ళు చూపిస్తూ అలాగే నిలబడిపోయింది. నవ్వు ఆపుకుని ఆపుకుని కళ్ళలో నీళ్ళొచ్చాయి. కూత ఆగాక ఒక వేలు ముడిచి "రెండు..." అంది.

అదండీ ఆ సైరన్ పుట్టుక.

చర్చి క్వాయర్‌లో కలిసి పాడే స్నేహితురాళ్ళు నలుగురికి అక్క నాలుగు కాపీలు తీసిచ్చింది. అవీ ప్రసంగాల క్యాసెట్ల మీదే. అసలుది మా రేకు పెట్టెలో ఉండేది.

ఆ క్రిస్మస్‌కి విజయవాడ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. నేను కూనిరాగం తీస్తుంటే వాళ్ళ గాయకుడు విని, "ఎవరిది పాపా ఈ పాట? భలే ఉందే!" అన్నాడు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి, పరుగెత్తుకెళ్ళి క్యాసెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అక్కని అడగలేదు. "వారంలో పంపిస్తానమ్మా" అన్నాడు.

ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

వేసవికల్లా ఆ పాట బస్టాండులో మోగింది... ఆయన గొంతులో, పెద్ద పెద్ద వాయిద్యాలతో. బాగా పాడాడు, అబద్ధమాడను. కానీ మూడు తర్వాత మిల్లు కూతని కూడా, అంతే పొడుగున, సైరన్‌గా చేసి పెట్టుకున్నాడు! ఇల్లు దోచి, గోడ మీది బల్లిని కూడా మూటలో వేసుకుపోయిన దొంగని నేను ఇతన్నొక్కడినే చూశాను.

"పోనీలేవే. స్నేహితురాళ్ళలో ఎవరో వినిపించి ఉంటారు. పాటైతే బతికే ఉందిగా" అంది అక్క.

పోయిన నెల అక్క మనవరాలు జెస్సీ స్కూల్లో డాన్సుకని ఆ పాటే నేర్చుకుంటోంది. అక్క పక్కన కూర్చుని పాడింది. ఇప్పుడు మిల్లు కూత లేదు కదా... మూడు, రెండు, ఒకటి అని తిన్నగా పాడేసింది.

"అమ్మమ్మా, నీకీ పాట రాదు! మూడు దగ్గర ఆగాలి. తప్పు!"

"అవునా తల్లీ? అయితే నువ్వే నేర్పు" అని నవ్వింది అక్క.

నేను వంటింట్లోకి పోయి పళ్ళు కొరుక్కున్నాను.

రేపు సాయంత్రం విజయవాడలో ఆ గాయకుడికి సన్మానం. ఆ పాటకే! "ఆ సైరన్ ఆలోచన ఆకాశం చూస్తుంటే తట్టిందండీ" అని వీడియోలో చెప్పుకున్నాడు. ఆకాశం కాదయ్యా... ఊక ఎగిరే మిల్లు!

పగ తీర్చడం దేవుడి పని అని ప్రార్థన కూడికల్లో చెప్పేది నేనే. నాకెవరూ బోధించలేదు, బైబిలు వాక్యం నేనే చదువుకున్నాను. చదివాను కాబట్టే చెబుతున్నాను... పగ ఆయనే తీరుస్తాడు, ఆయన సంచీ నేను మోస్తాను. మందలకు మందలున్న ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని వండించిన కథ వాక్యంలో ఉంది. అది విన్న రాజు మండిపడి నాలుగింతలు తిరిగి ఇప్పించాలన్నాడు. నాలుగు! అక్క తీసిన కాపీలూ నాలుగే.

ఆ స్నేహితురాళ్ళలో ఇద్దరు గన్నవరం, ఇబ్రహీంపట్నం కోడళ్ళయ్యారు. అడిగాను. ఇల్లు మారేటప్పుడు పాత క్యాసెట్లన్నీ ఎవరికో ఇచ్చేశారట. మిగతా ఇద్దరి జాడ లేదు. ఆ "ఎవరో" మీరే కావచ్చు.

క్యాసెట్టు ఆ గాయకుడికిచ్చింది నేనేనని అక్కకి ఈ పోస్టు చదివితేనే తెలుస్తుంది. చదవనీ.

ఇప్పుడంతా ఫోన్లోనే పాటలు... ఎవరు మొదట పాడారో అడిగే నాథుడు లేడు. మీ ఊళ్ళో కూడా ఇలా ఒకరి పాట ఇంకొకరి పేరున చెలామణి అయితే రాయండి, అందరికీ చదివి వినిపిస్తాను. కానీ అది తర్వాత. ముందు అటక ఎక్కండి. చిల్లుల్లో కాగితం కుక్కిన ప్రసంగం క్యాసెట్టు కనిపిస్తే బూజు పట్టిందని పారేయకండి. పాస్టరుగారి గొంతు మాట మధ్యలో తెగి, ఒక ఆడపిల్ల గొంతు వస్తుందేమో వినండి.

రేపు ఆ సభలో ముందు వరుసలో అక్కని కూర్చోబెడతాను. పక్కన టేపురికార్డరుతో నేనుంటాను. వేదిక మీద ఆయన "మూడు" అనగానే మీట నొక్కుతాను.

క్యాసెట్టు మాత్రం మీ దగ్గరుంది. లేవండి... ఈ రోజే, ఇప్పుడే.