వారాల బాబాయ్ తప్పిన లెక్క

వారాల బాబాయ్ కాలాన్ని వారాల్లో తప్ప కొలవడు. అంబులెన్సుల షెడ్డులో జీపీఎస్ పెట్టెలు బాగుచేసే ఆయన, కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయిని అడిగిన మొదటి మాటే, "నీకెన్ని వారాలమ్మా?"

"ఇరవై నాలుగేళ్లు బాబాయ్."

"అంటే పన్నెండు వందల యాభై. అందులో వెయ్యీ ఇరవై నాలుగు తీసెయ్. నాలుగేళ్ల పిల్లవి!"

నలభై ఏళ్ల సూపర్వైజరు ఆయన లెక్కలో, అదే రెండుసార్లు తీసేస్తే, ముప్పై తొమ్మిది వారాల పసికందు. సూపర్వైజరు అరిచినప్పుడల్లా బాబాయ్, "పాపం, పళ్లొస్తున్నాయి" అనేవాడు.

ఆ పిచ్చికి కారణం లేకపోలేదు. ఉపగ్రహం వారాలను వెయ్యీ ఇరవై మూడు దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకొస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది ఎన్నో చుట్టో పాత పెట్టె తన పుట్టినతేదీని, అంటే లోపల ఎక్కించిన తేదీని, బట్టి ఊహిస్తుంది. ఆ తేదీ నుంచి వెయ్యీ ఇరవై నాలుగు వారాల గడువు తీరాక ఊహ తప్పి, పందొమ్మిదిన్నరేళ్లు వెనక్కి దూకుతుంది. మూత తెరిస్తేగాని పుట్టినతేదీ తెలియదు. చెడితేగాని మూత తెరవకూడదని పైవాళ్ల రూలు.

ఒక గురువారం ఏడో బండి పెట్టె దూకింది. పాత తేదీ చూసి కంట్రోల్ రూమ్ కంప్యూటర్ ఆ బండిని లెక్కలోంచి తీసేసింది. ఉదయమంతా దానికి ఒక్క పిలుపూ అందలేదు.

"ఎక్కడ పడుకున్నావమ్మా?" అన్నాడు సూపర్వైజరు.

"రోడ్డుమీదే ఉన్నాను సార్, ఒట్టు!" అంది ఆ బండి డ్రైవరమ్మ.

బాబాయ్ పెట్టె చూపించే తేదీ చదివి కళ్లు మూసుకున్నాడు. "ఏడువేల నూట అరవై ఎనిమిది రోజుల తేడా. సరిగ్గా వెయ్యీ ఇరవై నాలుగు వారాలు."

అమ్మాయి ఫోనులో లెక్కేసింది. ఒక్కరోజు కూడా తేడా లేదు! ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండగా, ఆయన మూత విప్పి పెట్టెకు కొత్త పుట్టినతేదీ ఎక్కించాడు. ఏడో బండి కంట్రోల్ రూమ్ తెరమీద ప్రత్యక్షమైంది.

"బాగుంది," అన్నాడు సూపర్వైజరు. "కానీ పెట్టెకి నోటీసివ్వలేను కదా! రోజూ తేదీ చూసి సంతకం పెట్టాల్సింది డ్రైవరు. ఈవిడ చూడకుండానే పెట్టేసింది."

డ్రైవరమ్మ ముఖం పాలిపోయింది. అది మూడో నోటీసు. అందితే ఉద్యోగం ఊడినట్టే.

బాబాయ్ బుర్ర గోక్కున్నాడు. "తప్పు నాది. దీని గడువు వచ్చేవారం అనుకున్నాను. ఒక్క వారం తప్పాను."

"వారాల బాబాయ్‌కి వారం తప్పిందా!" సూపర్వైజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులో నోటీసు సంగతి ఎవరికీ గుర్తులేదు. రిపోర్టు కాగితంమీద 'బాబాయ్ పొరపాటు' అని రాసి మూసేశారు.

దాన్ని ఫైల్లో పెట్టబోయిన అమ్మాయికి కింద మరో పదకొండు కాగితాలు కనబడ్డాయి. పదకొండు బండ్లు, పదకొండుమంది డ్రైవర్లు, ఒకటే పొరపాటు.

"బాబాయ్, మూత తెరవకుండా గడువెలా లెక్కేశారు? పైగా అన్నిసార్లూ ఒక్క వారమే తప్పడమేంటి?"

ఆయన అటూ ఇటూ చూశాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ. ఈసారి రెండు వారాలు తప్పుతాలే."