రేకు అక్షరాలు ఎవరివో అడగడానికి మిర్యాలగూడ దాకా

ఒక ఫాంటును నలుగురికీ ఉచితంగా ఇవ్వాలంటే అక్షరాలు గీస్తే చాలదు. మూల ఫైళ్ళు, లైసెన్సు, ఎవరు ఏం చేశారో రాసిన పట్టిక, అన్నీ ఎవరు చూసినా అర్థమయ్యేలా సర్ది ఉండాలి. రెండేళ్ళు కూర్చుని అన్నీ సర్దాను. మా సూర్యాపేట కిరాణా కొట్లలో బియ్యం బస్తాల మీద మిల్లు పేర్లు కొట్టి ఉండేవి కదా, రేకులో కోసి, బస్తా మీద పెట్టి రంగు పూసే ఆ అక్షరాలే నా ఫాంటుకు ఆధారం. పట్టికలో మాత్రం ‘కోసినవారు: తెలియదు’ అని రాసి ఊరుకున్నాను. ప్రాజెక్టులో సాయం చేస్తున్న ఒకావిడ ‘తెలియదా, అడగలేదా?’ అని రాసింది. ముందు ఒళ్ళు మండింది, తర్వాత సిగ్గేసింది. ఆ మిల్లులన్నీ మిర్యాలగూడవే, అక్కడికెళ్ళి ఆ మనిషిని వెతికి అడుగుదాం, వద్దంటే ఫాంటు బయట పెట్టేది లేదు అనుకుని 2013 చలికాలంలో బయల్దేరాను.

ఉదయం ఏడింటికి సూర్యాపేటలో బస్సెక్కితే ఎనిమిదింపావుకు కోదాడలో దిగాను. టికెట్ నలభై రూపాయల లోపే. మిర్యాలగూడకు నేరుగా బస్సులున్నా కోదాడ మీదుగా ఎందుకంటే, అక్కడ ప్రింటింగ్ ప్రెస్ నడిపే మిత్రుడు నా అక్షరాలన్నీ పెద్ద కాగితం మీద అచ్చేసి ఉంచాడు. కాగితం చుట్టి ఇస్తూ, "రెండేళ్ళ కిందటే అడగాల్సిందండీ. ఇప్పుడు వద్దంటే ఏం చేస్తారు?" అన్నాడు. టీ తాగి, కాగితం చంకన పెట్టుకుని లేచాను.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పదకొండయింది. బస్తాల రేకులు కోసే ఆయన ఎవరని ఒక ఆటో అతన్ని అడిగాను.

"యాదగిరి తాతనా? ఆయన పోయి ఏడాదయితుందన్నా. బిడ్డ ఉన్నది, మిల్లుల ఎనక. ఎక్కు, ఇరవై ఇయ్యి."

ఏడాది ముందొచ్చినా ఆయన్నే అడిగేవాణ్ణి.

బిడ్డ పేరు సుజాత, నలభై దాటి ఉంటుంది. జరిగిందంతా చెప్పి, అడగకుండా వాడుకున్నందుకు తప్పయిందన్నాను. ఆమె కాగితం నేల మీద పరిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

"ఝ, ఠ, ఱ. ఇవి నాయినవి గావు."

"నేను గీసినయక్కా. బస్తాల మీద దొరకలే."

"రేపు ఎవలన్న వీటిని మార్చి పాడు చేస్తే?"

"మార్చొచ్చు. కానీ మనం పెట్టిన పేరు వాళ్ళు వాడుకోవద్దు, వేరే పేరు పెట్టుకోవాలె. లైసెన్సుల అట్లనే ఉంటది."

"అట్లయితే నాయిన పేరు పెట్టు తమ్మీ," అంది.

హమ్మయ్య అనుకున్నాను. ఆమె వేలు మాత్రం ‘శ్రీ’ దగ్గర ఆగింది. ప్రతి మిల్లు పేరుకూ ముందుండే శ్రీ అది. కోసినప్పుడు లోపలి రేకు ముక్క ఊడిపోకుండా మధ్యలో సన్నటి పట్టీ వదిలిన తీరు చూసే నేను ఈ పనిలోకి దిగాను.

"ఇది గూడ నాయినది గాదు. ఆయనకు చేతులు వణుకుడు మొదలైనంక నేనే కోసిన. ఆడపిల్ల కోసిందంటే మిల్లోళ్ళు పని ఇయ్యరని ఎవలకూ చెప్పనియ్యలే." శ్రీ మీద నుంచి వేలు తీయకుండా, "నా పేరు రాస్తే నాయిన పేరు తక్కువయితదా?" అని అడిగింది.

"తక్కువ కాదక్కా," అన్నాను. జేబులోంచి పెన్సిల్ తీసి ఇచ్చాను.

ఆమె పెన్సిల్ తీసుకుని తనవాటికి సున్నాలు చుట్టింది. దాదాపు సగం. తర్వాత నేను రాసి తెచ్చిన అనుమతి కాగితం మీద నిదానంగా సంతకం పెట్టింది.

సాయంత్రం బస్సులో ఆ సున్నాలు చుట్టిన కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెలియదు అని రాయడం ఎంత తేలికయింది నాకు! ఆమె పేరు తండ్రి దాచాడు, భయంతో. నేను కనీసం వెతకలేదు, బద్ధకంతో. నా తప్పే పెద్దదనిపించింది. ఆ వారమే ఫాంటును యాదగిరి పేరుతో బయట పెట్టాను. పట్టికలో యాదగిరి, సుజాత, ఎవరి అక్షరాలు వారి పేరున ఉన్నాయి. చివర మూడింటికి నా పేరు.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ల్యాప్‌టాప్‌ను నమ్ముకోకండి. అక్షరాలు అరచేయంత పెద్దగా కాగితం మీద అచ్చేయించి, ఒక పెన్సిల్ వెంట తీసుకెళ్ళండి.