బాబాయి గొంతులో గరగర

మా పిన్ని కాబట్టి చెప్పకూడదు గానీ, ఆవిడ నోటికి ఊరంతా హడలే. టెలిఫోను ఆఫీసులో ఫిర్యాదుల బల్ల ఆవిడది. దేశం మొత్తానికి ఉన్నది ఒక్కటే కంపెనీ, అదీ సర్కారుది. కాదని ఎక్కడికి పోతారు? ఫోను మూగబోయిందని ఎవరొచ్చినా పిన్ని తలెత్తకుండా "చూస్తాంలెండి" అనేది. ఆ చూడటానికి గడువంటూ లేదు. అయినా జనం దణ్ణాలు పెట్టి, పెరట్లో కాసిన నిమ్మకాయలిచ్చి మరీ పోయేవారు.

బాబాయి దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. రోజూ మధ్యాహ్నం ఫోను చేసి "తిన్నావా?" అని అరిచేవాడు. లైనులో ఎప్పుడూ ఒకటే గరగర, అరవకపోతే వినపడదు. దీపం కిందే చీకటన్నమాట.

అంతలో చట్టం మారింది. ఫోను వ్యాపారంలోకి ఎవరైనా రావచ్చన్నారు. పక్కవీధిలో కొత్త కంపెనీ ఒకటి ఆఫీసు తెరిచింది. అడిగిన మర్నాడే ఫోను! పిన్ని బల్ల దగ్గర ఈగలు. జనం ఇలాగే జారిపోతే ఆఫీసు మూసేస్తామని పైనుంచి కబురొచ్చింది. పిన్ని గుండెల్లో రాయి పడింది, నోరు మాత్రం తగ్గలేదు.

"మూణ్ణాళ్ళ ముచ్చటేలే! మళ్ళీ మన గడపే తొక్కుతారు."

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది.

"తిన్నావా?" పక్కనే కూర్చుని అడిగినంత మెత్తని గొంతు.

"ఎవరయ్యా నువ్వు? ఆ మాట అడగడానికి నాకు మొగుడున్నాడు!"

"ఆ మొగుణ్ణేనే!"

గరగర లేని మొగుడి గొంతు పిన్ని ఫోనులో ఎన్నడూ వినలేదు, పాపం. సంగతి అర్థమయ్యాక మండిపడింది.

"మీరా! మీరూ పోయారా వాళ్ళ దగ్గరికి?"

"ఏం చేయమంటావు? మీ లైను గరగరకి గిరాకీలు ఫోను పెట్టేస్తున్నారు. లైను బాగుచేయించమని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. చూస్తాంలే అన్నావు."

పిన్ని ఫిర్యాదుల పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. నా ఎరుకలో అదే మొదటిసారి!

మర్నాడు కొంగు బిగించి లైన్‌మన్ ముందు నిలబడింది. "నిచ్చెన తియ్యవయ్యా." వాళ్ళ వీధి చివరి ఫోను పెట్టెలో నీళ్ళు దిగి తీగలన్నీ చిలుము పట్టి ఉన్నాయి. అవి మార్పించింది. తర్వాత పైవీధి, ఆపైన బజారు. ఫిర్యాదుకు వచ్చినవాళ్ళకు లేచి కుర్చీ వేసింది. "ఇవాళే వస్తాం, కూర్చోండమ్మా" అంటుంటే, ఆవిడేనా అని జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఆ కొత్త కంపెనీ పుణ్యమా అని మనకి పనొచ్చిందమ్మా," అని లైన్‌మన్ ఒకటే నవ్వు.

పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మూసేత మాట మళ్ళీ వినపడలేదు. బాబాయి మాత్రం బెట్టు చేశాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"తిన్నావా? ఇది మీ లైనేనోయ్."

గొంతు గాజులా స్పష్టంగా ఉంది. పిన్ని ఆనందం పట్టలేకపోయింది. అయినా తగ్గుతుందా?

"ఎవరయ్యా నువ్వు?" అంది. బాబాయి పగలబడి నవ్వాడు.

"ఇంకా తినలేదండీ," అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. "బల్ల దగ్గర జనం ఉన్నారు."