ఆపా తెలుగు చేసిన కొరియా సీరియల్

కొరియా వాళ్ళ మీద నాకొక పాత కోపం ఉంది. ఆ దేశం ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే ఇప్పటికీ తడబడతాను. కానీ వాళ్ళు తీసిన ఒక సీరియల్ మాత్రం రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో మా తెనాలి ఇంట్లో మధ్యాహ్నాలన్నీ తినేసింది. తిన్నందుకు కాదు కోపం. అంతా తిని చివరికి చేతిలో చిప్ప పెట్టి పోయింది.

అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. బాపట్ల నుంచి తెనాలి కోడలిగా వచ్చాను. మా ఆయనకు బస్టాండు దగ్గర చిన్న గడియారాల కొట్టు. ఇంట్లో మేమిద్దరం, మా ఆయన అక్క. అక్కను మేము ఆపా అంటాం. ఆమెకు ముప్పై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. అమ్మా నాన్నా వెంటవెంటనే పోతే తమ్ముణ్ణి చదివించి, కొట్టు పెట్టించి, నాలాంటి దాన్ని వెతికి పెళ్ళి చేసేసరికి ఆమె పెళ్ళి సంగతి అందరూ మరిచిపోయారు. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కొలకలూరు నుంచి, సంగం జాగర్లమూడి నుంచి కూడా ఆడవాళ్ళు గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్ళు. వీధి వీధంతా ఆమెను ఆపా అనే పిలిచేది. పక్కింటి మాస్టారి భార్యయితే ఇంకాస్త మర్యాద కలిపి ‘ఆపాగారూ’ అనేది. ఆపా మాత్రం నన్ను ‘దుల్హన్’ అనేది, అంటే కొత్త పెళ్ళికూతురు. నాలుగేళ్ళయినా నేను పాతబడలేదని సంతోషించాలో, ఇంకా ఇంటిదాన్ని కాలేదని ఏడవాలో నాకు తెలిసేది కాదు.

ఆ సీరియల్ ప్రభుత్వ చానల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేది. కొరియా మనుషులకు హిందీ మాటలు అతికించారు. మొదటిరోజు మాస్టారి భార్య ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి, టీవీలో తెల్లగా నున్నగా ఉన్న కుర్రాణ్ణి చూసి కుర్చీ లాక్కుంది.

“ఏమంటున్నాడండీ ఆపాగారూ ఆ అబ్బాయి? మీకు హిందీ వచ్చు కదా.”

మా వీధిలో అందరి నమ్మకమూ అదే. సాయిబుల ఇంట్లో పుట్టినవాళ్ళకి హిందీ పుట్టుకతోనే వస్తుందనుకునేవాళ్ళు. మా ఇంట్లో మాట్లాడేది తెనాలి ఉర్దూ, అందులో సగం తెలుగే. ఆ సీరియల్లో హిందీ చూస్తే ఎవరో పంతుళ్ళు కూర్చుని రాసినట్టుండేది. నిర్ణయ్, పరిణామ్ లాంటి మాటలొస్తే మాకన్నా మాస్టారి భార్యే ముందు పట్టుకునేది. అయినా సరే, చెప్పే పని ఆపా మీద పడింది. మనిషి అడిగాక రాదనడం ఆమెకు చేతకాదు. జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటూ, తల ఎత్తకుండా, ఎవరేమన్నారో తెలుగులో చెబుతూ పోయేది.

వారం తిరగకుండానే వినేవాళ్ళు పెరిగారు. అందరికన్నా గట్టి శ్రోత చేపలమ్మ. నిజాంపట్నం వైపు మనిషి. పొద్దున్నే రేపల్లె నుంచి రైల్లో చేపల తట్టతో దిగి, వీధులన్నీ తిరిగి అమ్ముకుని, సాయంత్రం బండి దాకా ఎక్కడో ఒకచోట నడుం వాల్చేది. ఆ వేసవిలో మా గుమ్మం దగ్గర వాల్చింది. తట్ట బయట పెట్టి, తాను గడప మీద కూర్చుని, ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేది.

కథ ఇదీ. ఒక పిల్ల చిన్న కొట్టులో కేకులు చేసి అమ్ముకుంటుంది. ఆ కొట్టు కూలగొట్టి పెద్ద భవనం కట్టాలని వచ్చిన డబ్బున్న కుర్రాడు, చావుబతుకుల్లో ఉన్న వాళ్ళ నాయనమ్మ కోసం ఆ పిల్లనే పెళ్ళికూతురని చెప్పి ఇంటికి తీసుకెళతాడు. ముందు నాటకం, తరవాత నిజంగానే ఇష్టం. కానీ ఆ కుర్రాడు నోరు విప్పడు. ఇంకొకడున్నాడు, డాక్టరు, ఎప్పుడు వాన పడినా ఆ పిల్లకి గొడుగు పట్టడానికి సిద్ధంగా ఉంటాడు. మా వీధి ఓట్లన్నీ గొడుగువాడికే.

మొదటి భాగాలు నిజంగానే బాగున్నాయి, అబద్ధమెందుకు? ఆ పిల్ల పిండి మొహంతో పెద్దింటికి వెళ్ళి, నాయనమ్మ ముందు చాప మీద జారిపడినప్పుడు చేపలమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. తరవాత్తరవాత మొదలైంది సాగదీత. ఒక ఫోను కాలు ఎవరో ఎత్తలేదట, దానికి రోజుల తరబడి అపార్థం. కుర్రాడు కారులో కూర్చుని కిటికీలోంచి చూడటం, పిల్ల మంచులో నడవటం, వెనకాల పాట. సినిమాల్లో కామెడీ ట్రాక్ అయిపోయాక వచ్చే నీరసం మాకు రోజూ అర్ధగంట వచ్చేది.

“ఏంటమ్మా వాడు? నోట్లో మాటుంటే బయటికి రాదేంటి? పడవ మునిగిపోతున్నా కేకెయ్యడా?” అని చేపలమ్మ విసుక్కునేది.

అప్పటినుంచే ఆపా కథను బాగుచేయడం మొదలుపెట్టింది. కుర్రాడు ఊరికే నిట్టూరిస్తే, “మా అమ్మ బతికుంటే ఇలా ఉండేది కాదు అనుకుంటున్నాడు” అని చెప్పేది. గొడుగువాడు పక్కకు తిరిగితే అతని నోట్లో నాలుగు చమత్కారాలు పెట్టేది. నాకు హిందీ అంతంతమాత్రమే అయినా తేడా తెలిసిపోయేది. వంటింట్లోకి లాగి అడిగితే, “పాపం, ఎండలో పడి వస్తున్నారు దుల్హన్, వాళ్ళకి అదంతా ఉన్నదున్నట్టు పెట్టమంటావా?” అంది. పులుసు పలచబడితే పిండి కలిపినట్టు చెప్పింది ఆ మాట.

అలాంటి రోజుల్లో రేపల్లె నుంచి ఆపాకు సంబంధం వచ్చింది. అతనికి నలభై ఉంటాయి. భార్య పోయి మూడేళ్ళయింది, పిల్లలు లేరు. చేపల వ్యాపారులకు ఐసు అమ్మే కొట్టు ఉంది. వాళ్ళ అక్క ఒకావిడ వచ్చి, మా ఆయనతో మాట్లాడి వెళ్ళింది. మా ఆయన అడగాల్సినవన్నీ అడిగాడు. ఊళ్ళో పెద్దలు విచారించారు. బాపట్లలో మా అమ్మావాళ్ళు కూడా తెలిసినవాళ్ళని కనుక్కున్నారు. చేపలమ్మకైతే ఆ మనిషి రోజూ చూసే మనిషే. “మంచోడే తల్లా. ఐసు కొట్టడంలో మోసం లేదు. కాకపోతే మాట్లాడడు. అరగంట నిలబడ్డా ఐసు విరిగే సప్పుడే గానీ ఆయన గొంతు ఇనపడదు” అంది.

అందరూ అందరినీ అడిగారు. ఆపాను మాత్రం ఎవరూ అడగలేదు. అది ఎవరికీ లోపంగా కూడా తోచలేదు. మాలో నిఖా రోజున పెళ్ళికూతురి ఒప్పుదల అడగడం ఉంది. వకీలుగా ఒక పెద్దమనిషి, ఇద్దరు సాక్షులు లోపలికి వచ్చి, ఫలానా వారి అబ్బాయితో నిఖా నీకు సమ్మతమేనా అని అడిగి, ఆమె సరేనంటేనే బయట ఖాజీగారు కానిస్తారు. మంచి పద్ధతే. కాకపోతే అప్పటికి బిర్యానీ దమ్ములో ఉంటుంది, బంధువులు చేతులు కడుక్కుని కూర్చుంటారు. నన్ను అడిగినప్పుడు నా తల ఊగింది. ఊపింది నేను కాదు, వెనక కూర్చున్న మా పెద్దమ్మ.

మా ఆయన ఒకరోజు అన్నం తింటూ, “వాళ్ళకి ఖాయమని కబురు చెయ్యనా ఆపా?” అన్నాడు. అది అడగడం కాదు, చెప్పడమే.

ఆపా కంచం వైపు చూస్తూ, “సీరియల్ అయిపోనీరా, చెబుతా” అంది.

మా ఆయన పొలమారేలా నవ్వాడు. ఆ మాట కొట్టు దగ్గర చెప్పుకున్నాడు, మాస్టారి భార్య వీధంతా చెప్పింది. ఆపాకు సీరియల్ పిచ్చి పట్టిందన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆమె మొహం నేను చూశాను. తమ్ముడి కోసమని సగం జీవితం గడిపిన మనిషి, మిగతా సగం కూడా తమ్ముడి కబురుతోనే వెళ్ళిపోతుందేమోనన్న దిగులు అందులో కనిపించింది. ఆమె అతన్ని కాదనుకుంటోందని కూడా నాకనిపించలేదు. ఐసు కొట్టు ఆయన గురించి చేపలమ్మ చెబుతుంటే హుక్కులు కుట్టే చెయ్యి ఆగడం కూడా నేను చూశాను.

సీరియల్ చివరి రోజున రేపల్లె ఆవిడ, అదే, అతని అక్క, జవాబు కోసం వచ్చింది. కావాలని ఆ రోజే వచ్చిందో, తెలియక వచ్చిందో చెప్పలేను. కుర్చీ వేశాం, టీ ఇచ్చాం. మాస్టారి భార్య, చేపలమ్మ ఎప్పటి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. ఆపా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

ఇన్నాళ్ళు చూసినందుకు ఆ చివరి భాగం మమ్మల్ని ఎలా సత్కరించిందో చెబుతాను. నాయనమ్మ పోయింది. కొట్టు కూలలేదు. గొడుగువాడు గొడుగుతో సహా ఇంకో ఊరు బదిలీ అయిపోయాడు. కుర్రాడు విమానాశ్రయంలో పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఎదురుగా నిలబడి ఏడుస్తోంది. అతను “అప్నా ఖయాల్ రఖ్‌నా” అన్నాడు. ఒంటి సంగతి చూసుకో అని! పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయాడు. అంతే. ఏడాది తరవాత ఇద్దరూ మంచులో ఒక రోడ్డు మీద ఎదురుపడి నవ్వుకుంటారు, పేర్లు పడతాయి. ఆ రోడ్డు దాకా వెళ్ళకముందే, విమానాశ్రయం దగ్గరే నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏమన్నాడమ్మా? అడిగాడా?” అంది చేపలమ్మ.

ఆపా సూది పక్కన పెట్టింది. “అడగలేదు” అంది. “‘మీ వాళ్ళతో మాట్లాడాను, మా వాళ్ళతో మాట్లాడాను, అన్నీ కుదిరాయి, ఇక నిన్నడిగేదేముంది’ అంటున్నాడు.”

“వీడి మొహం మండ! మరి ఆ పిల్లేమంటోంది?”

“ఆ పిల్ల అంటోంది కదా, ‘నేను ఇక్కడే ఉన్నాను. గోడవతల కూడా లేను. ఊళ్ళో అందరినీ అడిగావు, నన్నొక్కదాన్ని అడగలేదు. నేనేం చిన్నపిల్లను కాదు, నా పొట్ట నేను పోసుకుంటున్నాను. వచ్చి నన్నడుగు. అడిగితే కాదంటానని ఎవరు చెప్పారు నీకు?’ అంటోంది.”

చేపలమ్మ టీవీ వైపు అనుమానంగా చూసింది. “నోరు కదలట్లేదు కదమ్మా ఆ పిల్లకి?”

“మనసులో అనుకుంటోంది” అంది ఆపా.

మాస్టారి భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినవాళ్ళం ఆపా, నేను, వచ్చినావిడ, ముగ్గురమే. రేపల్లె ఆవిడ టీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి అలాగే పట్టుకుంది. టీవీ వైపు ఒకసారి, ఆపా వైపు ఒకసారి చూసింది. కోపం తెచ్చుకుంటుందా, లేచిపోతుందా అని చూస్తున్నాను. ఆవిడ టీ పూర్తిగా తాగింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఆపా భుజం మీద చెయ్యి వేసి, “మా తమ్ముడు ఈ సీరియల్ చూడలేదమ్మా. నేను వెళ్ళి చెబుతాను” అంది.

ఆ ఆదివారం అతను వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బత్తాయిల సంచి. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా మర్యాదకి మాటలు కలిపాడు. కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారు, రేపల్లె బండి ఎందుకు ఆలస్యమవుతోంది, ఐసుకి ఈ ఎండల్లో గిరాకీ ఎలా ఉంది. అతను అన్నిటికీ అవునండి, లేదండి అన్నాడు. ఆపా, నేను లోపల పరదా వెనక నిలబడ్డాం. ప్రతి మాట తరవాతా అడుగుతాడేమోనని ఆపా ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది. టీ అయింది. బిస్కెట్లు అయ్యాయి. అతను గోడ గడియారం చూశాడు, లేచాడు, మా ఆయనకు సలాం చేశాడు, గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒక చెప్పులో కాలు పెట్టాడు. మళ్ళీ ఆ కొరియా కుర్రాడే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డట్టనిపించింది నాకు.

అప్పుడు పరదా వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది. “ఏదో అడగడానికి వచ్చినట్టున్నారు.”

మా ఆయన బిత్తరపోయాడు. అతను చెప్పులోంచి కాలు తీశాడు. గది మధ్య దాకా వచ్చి, పరదా వైపు తిరిగి, తల వంచుకుని నిలబడ్డాడు. చెమట చెవి పక్కనుంచి కాలర్లోకి కారుతోంది.

“నేనంటే మీకు ఇష్టమేనా అండి? కాదంటే ఏమీ అనుకోను. మా అక్కకి నేనే చెబుతాను.”



“ఆలోచించుకుని చెబుతాను” అంది ఆపా.

మా ఆయన తల పట్టుకున్నాడు. అతను మాత్రం, “అలాగేనండి” అన్నాడు. వెనక్కి వెళ్ళి, లేచిన కుర్చీలోనే కూర్చున్నాడు. బండికి టైమవుతోందని మా ఆయన గుర్తుచేస్తే, “ఇంకో బండి ఉంటుందిగా బాబూ” అన్నాడు. మా ఆయన మాటకి అవునండి, లేదండి కాకుండా అతను చెప్పిన మొదటి జవాబు బహుశా అదే.

నేను ఆపా వెనకే వంటింట్లోకి వెళ్ళాను. పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒక పని పట్టుకుని ఉండే ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడటం అదే మొదలు.

“ఏంటాపా ఇది? ఇష్టమేగా నీకు?”

“ఇష్టమే.”

“మరి వెళ్ళి చెప్పకూడదూ? ఆయన అక్కడ చెమటలు కక్కుతున్నాడు.”

“చెబుతాలే, ఉండవే” అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది. “నన్నొకళ్ళు అడిగారు. కాసేపు దాన్ని అలాగే ఉండనియ్యి.”