వేలు దూరితే చిరుగే

బట్ట చేతికి రాగానే గున్నమ్మ అందులోకి చూపుడు వేలు దూర్చి చూస్తుంది. వేలు దూరితే చిరుగు. చిరుగైతే కుట్టేస్తుంది.

వలల దగ్గర అబ్బిన అలవాటు అది. కళింగపట్నం ఒడ్డున పెరిగినంత కాలం చిరిగిన వలలు బాగుచేసింది. వల కంతకంటే పెద్దది ఏది కనబడినా మూసెయ్యాలి. బట్టల్లో కొన్ని ఖాళీలు కావాలనే ఉంచుతారని ఆమె చేతులకు తెలియదు. అరసవల్లిలో ఆటోలు ఆగేచోట కుట్టుమిషను పెట్టుకున్నాక ఒక చొక్కాకు జేబు మూతి మూసేసింది. ఇంకో చొక్కాకు కాజాలు మూసేసింది.

ఎవరూ తిరిగి రాలేదు. జేబు లేనతను ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. కాజాలు లేనతను రొమ్ము విప్పుకుని తిరుగుతున్నాడు. అడిగినవాళ్లకు ఎండ అంటున్నాడు.

ఆమె మొగుడు లక్ష్ముడికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఒసే, వలలో తప్పుంటే సేప సెప్తాది. బట్టలో తప్పు ఎవులు సెప్తారు? ఒక్కడు రానీ, బాగునేదని. ఆ పూటే మిషను అమ్మీసి వలల కాడికొచ్చీయాల."

"అలగే మావా."

ఒప్పుకుంది కానీ భయం పోలేదు. ఒడ్డున ఆమె లక్ష్ముడి పెళ్లాం. ఇక్కడ టైలరమ్మ.

ఒక సాయంత్రం ఎచ్చెర్ల వైపు నుంచి గణపతిరావు వచ్చాడు. అతనికి జీడితోట ఉంది. మోచేతి దగ్గర చిరిగిన పొడుగు చేతుల చొక్కా కిందటి వారమే ఆమె చేత కుట్టించుకున్నాడు. ఆ చొక్కా తెచ్చి మిషను మీద పడేశాడు. లక్ష్ముడు పక్కనే బల్ల మీద ఉన్నాడు.

"టైలరమ్మా, ఇలగేనేటి కుట్టడం?"

చొక్కా కుడి చెయ్యి చివర సంచి అడుగులా మూసుకుపోయి ఉంది. గున్నమ్మ కూడా దాన్ని అప్పుడే గమనించింది. లక్ష్ముడు నవ్వుతూ లేచాడు.

"కుడి సెయ్యి మూసీసినావు, బాగుంది. ఎడం సెయ్యి ఎందుకొదిలీసినావు?" అన్నాడు గణపతిరావు.

అతను రెండు చేతులూ చాపాడు. కుడిది శుభ్రంగా ఉంది. జీడిపిక్కలు ఒలిచినప్పుడు తగిలిన సొనకు ఎడమది నిండా పొక్కిపోయింది.

"మా తాతకీ తట్టనేదు ఈ ఉపాయం. నీకు తట్టింది. తట్టి సగంలో ఆపీసినావు!"

"తప్పే బాబూ."

"ఒప్పీసుకుంది!" అన్నాడు లక్ష్ముడు. "బాగునేదని మనిసొచ్చినాడు. పద, మిషనెత్తు."

"నా సెయ్యి కుట్టకుండా మిషనెత్తీడానికి నువ్వెవులివి?"

"దాని మొగున్ని."

"అయితే ఏటి?"

కుట్టడం తప్పా, కుట్టకపోవడం తప్పా అని చీకటి పడేదాకా వాదించుకున్నారు. చివరికి లక్ష్ముడే తీర్పు చెప్పాడు. రేపు పొద్దున్న గణపతిరావు బాగుందంటే మిషను ఉంటుంది. లేకపోతే పోతుంది.

మర్నాడు పొద్దున్నే గున్నమ్మ ఎడమ చేతిని రెండు వరసలు వేసి మూసింది. గణపతిరావు తోటకు పోతూ వచ్చి చొక్కా తొడుక్కున్నాడు. లక్ష్ముడు మిషను ఎక్కించడానికి ఆటో తెచ్చి నిలబెట్టాడు. గణపతిరావు రెండు చేతులూ పైకెత్తి చాలాసేపు చూసుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

ఆటో వెళ్లిపోయింది. గణపతిరావు మాత్రం వెళ్లలేదు. చొక్కా ముందు తెరుచుకుని ఉంది. బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్లు బయట లేవు.

గున్నమ్మ లేచి, కింది నుంచి మెడదాకా, ఒక్కొక్క బొత్తామే పెట్టింది.