డీజిల్ వరసలో ముందు నేనే

శనివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. గడియారం చూడడం అప్పటికి నాకు రాదు. సోమల నుంచి పుంగనూరుకు వచ్చిన బస్సు దిగుతుంటే కండక్టరు టైం చెప్పి, పది నిమిషాలు లేటని డ్రైవరును తిట్టాడు కాబట్టి గుర్తుంది. ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, మా మెట్ట ఊళ్లలో ఒక పూట అన్నం లేకపోయినా సర్దుకునేవాళ్లం గాని ఇంజన్‌కు ఆయిలు లేదంటే ఇల్లంతా మంచం పట్టేది. డీజిల్‌ను మేం ఆయిలనే అంటాం. (వంటనూనె వేరు. అది అయిపోతే ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు.)

అంతకుముందు మా బావిలో నీళ్లు ఎద్దులే తోడేవి. తోలు బాన కట్టి లాగే ఆ కపిలను మా ఆయన మూలన పడేసి, జత ఎద్దులనూ అమ్మి ఆయిలింజన్ తెచ్చాడు. "ఎద్దులకు పనున్నా లేకున్నా మేత పెట్టాల. దీనికి పనుంటేనే పోస్తే సాలు" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఖాళీ అయిన కొట్టంలో నేను పట్టుపురుగులు పెట్టాను. నా చేత్తో పెంచిన మొదటి పంట అది. పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, రాత్రీ పగలూ మేసే వారంలో లారీల సమ్మె వచ్చింది. ఊళ్లో చుక్క ఆయిలు లేదు. మల్బరీ తోట వాలిపోయింది. ఒక్క తడి పెడితే ఆకు లేస్తుంది, లేకపోతే పురుగు చస్తుంది. మా ఆయన మదనపల్లె వైపు ఒక క్యానుతో, నేను పుంగనూరు వైపు ఒక క్యానుతో బయలుదేరాం.

బంకుకు గొలుసు కట్టి ఉంది. పక్కన నల్లబోర్డు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు. ఇంత అందంగా రాసి పెట్టారంటే ఆయిలు వచ్చే టైం అయ్యుంటుందని దాని కిందే నిలబడ్డాను. కాసేపటికి పాలవ్యాను డ్రైవరు వచ్చాడు.

"ఏమక్కా, వస్తాందా?"

"రాకుండా యాడికి పోతాదప్పా? రాసి పెట్టుండారు కదా, సూడు" అని బోర్డు వైపు గడ్డం ఎత్తాను. అతను బోర్డును చూశాడు, నన్ను చూశాడు, నా వెనక నిలబడ్డాడు. తర్వాత మడి ఇంజన్ కోసం బడిలో లెక్కలు చెప్పే అయివారు, ఆయన వెనక పిండిమిల్లు పెద్దమ్మ, ట్రాక్టరు మామ. పదయ్యేసరికి వరస రోడ్డెక్కింది. దానికి నేనే పెద్దదిక్కు. "ఓ మామా, మధ్యలో దూరితే క్యాను ఇసిరేస్తా" అని ట్రాక్టరాయన్ను వెనక్కి కూడా పంపాను.

పన్నెండుకు బంకాయన వచ్చి నోరు తెరిచాడు. "ఏందమ్మా ఈ జాతర? బోర్డు సూడలేదా?"

"పొద్దుటాల్నుంచీ దాన్నే సూస్తాండా."

"ఏమని ఉండాది?"

నేను వెనక్కి తిరిగి వరసను చూశాను. వెనక నుంచి అయివారే మెల్లగా చదివాడు. "డీజిల్ లేదు. ఎప్పుడొచ్చేదీ తెలీదు."

నాకు ఒళ్లు మండింది. "నీకు సదువొచ్చు కదా అయివారా, నువ్వు యాల నిలబడితివి?"

ఆయన తల గోక్కున్నాడు. "నువ్వు అంత గట్టిగా నిలబడుంటే, బోర్డు పాతదేమో అనుకుంటినమ్మా."

"అయివారే నిలబడుంటే మాకేమి అనుకుంటిమి" అంది పిండిమిల్లు పెద్దమ్మ. ఒకరు నవ్వారు, తర్వాత అందరం నవ్వాం. అయితే ఒక్క మనిషీ వరస వదల్లేదు. నాలుగు దాకా అట్లే నిలబడ్డాం. నేనూ వదల్లేదు.

పట్టుపురుగులు మేస్తుంటే ఇంటి మీద వాన పడినట్టు చప్పుడు. ఆ సాయంత్రం కొట్టంలో చప్పుడు లేదు. తట్టల నిండా పురుగులు తలలు పైకెత్తి, ఆకు కోసం అటూ ఇటూ ఊపుతున్నాయి. కపిల కడదామా అని నేను అడిగితే మా అత్త నా ఖాళీ క్యాను చూసింది. "యాడుండాయి ఎద్దులు? బానను ఎలకలు కొరికి నెల అయ్యె." మా ఆయన కూడా ఒట్టి చేతులతోనే వచ్చాడు. మూడో రోజు తట్టలన్నీ పెంటదిబ్బలో బోర్లించాం. అత్త ఏడవలేదు. "ఎద్దులైతే ఆకలికి అరుస్తాయి. ఇవి అరవను కూడా లేదు" అంది.

మరుసటి ఏడు పెద్దల బడిలో చేరాను. ఏ మాట నేర్చుకుంటావని పంతులమ్మ అడిగితే 'లేదు' అన్నాను. (అమ్మ, ఆవు తర్వాత చూసుకోవచ్చు.) కొన్నేళ్లకు కుప్పంలో మళ్లీ అట్లాంటి బోర్డు ఎదురైంది. తడబడకుండా, పైకే, చివరి అక్షరం దాకా చదివాను. చదివి, క్యాను పట్టుకుని పోయి వరసలో నిలబడ్డాను. పుంగనూరులో బోర్డును అంత నమ్మకంగా చూసిన ఆ మొండిదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దానికి చదువు రాదన్న సాకైనా ఉంది.

ఆ శనివారం అక్కడ ఉన్నవాళ్లు: పాలవ్యాను డ్రైవరు, పిండిమిల్లు పెద్దమ్మ, ట్రాక్టరు మామ, చదువొచ్చిన లెక్కల అయివారు, ఆయన్ను చూసి నిలబడ్డ తక్కినవాళ్లు, చివరికొచ్చిన బంకాయన. అందరికంటే ముందు, నేను.