పొట్టిగా కట్టిన తాడు

నా చేతులు ఊరుకోవు. బడిలో పాఠం చెబుతూ చెబుతూనే కిటికీ గడియలు సర్దుతాను. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద వంకరగా ఉన్న కేలండరు సరిచేస్తాను. మా ఆవిడ ఈ గుణానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఈ గుణమే ఒకసారి మా అన్నయ్య పడవను ముంచింది.

ఎనభైల్లో తెల్లదోమ పడి పత్తి మొత్తం పోయిన ఏడు అది. పర్చూరు దగ్గర మా చేలల్లో తీయడానికి గుప్పెడు పత్తి మిగల్లేదు. అన్నయ్య నేల మీద విసిగిపోయి, రెండెకరాలు తాకట్టు పెట్టి ఇంజను పడవ కొన్నాడు. మా ఇళ్ళలో పంటకాలువ కంటే పెద్ద నీళ్ళతో ఎవరికీ పని పడలేదు. బ్యాంకు వాళ్ళు పట్టుబట్టి పడవకు ఇన్సూరెన్సు చేయించారు. ఆ కాగితాలు అన్నయ్య చదవలేదు. నేను చదివాను గానీ, పడవ మునిగిన తర్వాత.

ఒక ఆదివారం పొద్దెక్కాక ఇద్దరం రేవుకు వెళ్ళాం. ఆ రోజు వేట లేదు. సముద్రం పోటు మీద ఉండి నీళ్ళు గట్టు దాకా వచ్చి ఉన్నాయి. రేవు కాపలాదారు పడవను కట్టి వదిలిన తాడు వదులుగా నీళ్ళలో వేలాడుతోంది. పడవ ఇటు వస్తోంది, అటు పోతోంది. నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో ఎద్దుకు పలుపు పొడుగ్గా వదిలితే కాలు అందులో పడి ఎద్దు కూలబడుతుంది. అలా కట్టినవాణ్ణి పెద్దవాళ్ళు నాలుగు తిట్టకుండా వదలరు. కాపలాదారు అన్నానికి ఇంటికి వెళ్ళినట్టున్నాడు, కనబడలేదు. నేనే తాడు విప్పి, ముందూ వెనకా బిగించి, పడవను గట్టుకు ఆనించి పొట్టిగా కట్టాను. అది కదలకుండా నిలబడితే ప్రాణం కుదుటపడింది.

మేం ఊళ్ళో భోంచేసి వచ్చేసరికి నీళ్ళు దిగిపోయాయి. నీళ్ళతోపాటు దిగడానికి తాడు చాలక, పడవ ఒక పక్క గట్టుకు వేలాడుతూ రెండో పక్కకు ఒరిగిపోయింది. అటు నుంచి నీళ్ళు ఎక్కి ఇంజను మునిగింది. పలకలు చీలిపోయాయి. రేవంతా ఒకటే మాట: “కాపలావాడు తాగి పడుకున్నాడు.”

పాలసీలో ఒక షరతు ఉంది. పడవను దాన్ని నడిపే సరంగుగానీ రేవు మనిషిగానీ కట్టాలి. వేరే చెయ్యి పడితే కంపెనీ పైసా ఇవ్వదు. చదివి అన్నయ్యకు చెప్పాను, కట్టింది నేనేనని కూడా చెప్పాను.

“ఒరేయ్, నువ్వు నోరెత్తమాక. రేవు మనిషి కట్టాడనే రాయి,” అన్నాడు అన్నయ్య.

రాశాను. సాక్షిగా సంతకం కూడా చేశాను. ఒంగోలు నుంచి సర్వేయరు రావడానికి వారం పట్టింది. ఆ వారం నేను మనిషిని కాను. పిల్లల మీద ఊరికే అరిచాను. ఒకచోట కూర్చుని తినలేక కంచం పట్టుకుని వసారాలో తిరిగాను.

సర్వేయరు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాపలాదారు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. “నేను వదులుగానే కట్టానండీ. ఇరవయ్యేళ్ళుగా కడతన్నా, ఆటుపోట్లు తెలవకుండా కడతానా?” అన్నాడు.

“మరి బిగించిందెవరయ్యా?”

“నాకు తెలవదండీ. కూటికి పొయ్యొచ్చేతలికే ఇట్టా ఉంది.”

“రేవు కాంట్రాక్టరు నిన్ను పనిలోంచి తీసేస్తానంటున్నాడు. తాగితే తాగానని ఒప్పుకో,” అన్నాడు సర్వేయరు, పెన్ను తెరిచి.

కాపలాదారు తలదించుకున్నాడు. అన్నయ్య నా వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు.

“నేను కట్టానండీ. ఎద్దును కట్టినట్టు కట్టాను,” అన్నాను.

సర్వేయరు నేను రాసిచ్చిన కాగితం తీసి, “మాష్టారూ, ఇది మీ సంతకమే కదా?” అని అడిగి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు. క్లెయిం రాదని అక్కడే తేలిపోయింది. తాకట్టు పెట్టిన రెండెకరాలు తర్వాత మావి కాకుండా పోయాయి. ఆ రోజు మాత్రం అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. “నువ్వు కడతంటే నేనూ చూస్తానే ఉన్నా గదరా. భలే కట్టాడనుకున్నా,” అన్నాడు.

కాపలాదారు నా దగ్గరకు వచ్చాడు. దండం పెడతాడేమోనని, సిగ్గు లేకుండా, ఎదురుచూశాను.

“ఈ మాట ఆ రోజే చెప్పుంటే ఏం పోయేదండీ మాష్టారూ?” అన్నాడు. “నేను తాగుడు మానేసి మూడేళ్ళయింది. ఈ వారం మా ఆడది నా నోరు వాసన చూసి గానీ కూడు పెట్టలేదు.”